గిన్నె ఫోటో పెడితే మీకేంటి బాధ?

ఇందాకే జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, కాబట్టి ఇది పొడుగ్గానే వస్తుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. ఈ మధ్య కొన్నవన్నీ టేబుల్ మీద సర్ది ఒక ఫోటో పెట్టాను. ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కంప్యూటర్‌లో ఫైళ్ళు దాచే వేగమైన డ్రైవు), పీసీకి కొత్త పవర్ సప్లై, ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ కలిపి ఒకే ఛార్జరు, దాని కేబులు, వాటి పక్కనే ఒక ట్రైప్లై, అంటే మూడు లోహపు పొరల కడాయి. ఒక్కోటి ఎందుకు కొన్నానో, ఏం చూసి కొన్నానో కింద రాశాను కూడా. మొదటి కామెంటు ఏంటో తెలుసా, "పార్ట్స్ బాగున్నాయి, గిన్నెలు ఇక్కడ దేనికండీ?" అని. సరేలే అనుకున్నా. దాని కింద ఇంకొకాయన, "పీసీ మీవారు బిల్డ్ చేశారా మేడమ్?"

మావారికి దీంతో ఏం సంబంధం అండీ? కేసు తెరిచింది నేను. మదర్‌బోర్డు మీద వేడిని లాగే హీట్‌సింక్ పలక విప్పి, ఎస్ఎస్‌డీని స్లాటులో ఏటవాలుగా దూర్చి, పైకి లేస్తున్న దాన్ని వేలితో నొక్కి పట్టుకుని, గోరంత కూడా లేని ఆ స్క్రూ బిగించింది నేను. హీట్‌సింక్ కింద, వేడిని దానికి చేరవేసే మెత్తటి థర్మల్ ప్యాడ్‌కి అంటించి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర పీకి అవతల పారేసింది కూడా నేనే, చాలామంది అది అలాగే ఉంచేసి బిగించేసి తర్వాత వేడెక్కుతోందని గోల పెడతారు. ఇదంతా పోస్టులోనే రాశాను. చదివితేగా! ఫోటోలో కడాయి కనపడింది, పెట్టింది ఆడమనిషి అని తేలింది, ఇంక చదవాల్సిన పనేముంది.

సరే, ఆ కడాయి సంగతే మాట్లాడదాం. ప్రాసెసర్ కూలర్ కొన్నప్పుడు మీరంతా "కాపర్ బేసా, హీట్‌పైపులు ఎన్ని" అని అడుగుతారు కదా. ఎందుకు అడుగుతారు? రాగి వేడిని లాగేస్తుంది కాబట్టి. వేడిని లాగే గుణం రాగికి 400 దాకా ఉంటుంది, అల్యూమినియంకి 235 దగ్గర, స్టెయిన్‌లెస్ స్టీల్‌కి 15 దగ్గర. కొలతేంటి అనే వాళ్ళకి, మీటరుకి కెల్విన్‌కి ఇన్ని వాట్లు అని. ఇప్పుడు ఆ 15ని చూసి ఉత్త స్టీల్ గిన్నె ఎందుకు మాడుస్తుందో మీరే చెప్పండి. మంట తగిలిన చోట వేడి అక్కడే కూర్చుంటుంది, పక్కకి పోదు, అందుకే అడుగున బర్నర్ ఆకారంలో గుండ్రంగా నల్లటి మచ్చ పడుతుంది. ట్రైప్లైలో చేసిందల్లా రెండు స్టీల్ రేకుల మధ్య అల్యూమినియం పొర పెట్టి అంచుల దాకా తీసుకెళ్ళడం. మీ కూలర్‌లో రెక్కలు కూడా అల్యూమినియమే కదా. అదే లోహం, అదే సూత్రం, అది కేసులో ఉంటే టెక్నాలజీ, పొయ్యి మీద ఉంటే గిన్నెలా?

బయటి రేకు వేరే గ్రేడు, లోపలి రేకు వేరే గ్రేడు, అది కూడా రాశాను. బయట అయస్కాంతం అంటుకునే 430, ఇండక్షన్ మీద పనిచేయాలంటే అది కావాలి. లోపల 304, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, డబ్బా మీద 18/8 అని వేసేది అదే. మన వాళ్ళు అయస్కాంతం పట్టుకుని అంటుకోకపోతే అసలైన 304 అని తేల్చేస్తారు. 200 సిరీస్ స్టీల్‌కి కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు, అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, తుప్పు త్వరగా పట్టొచ్చు. కాబట్టి ఆ టెస్టుతో తేలేది ఏమీ లేదు. ఇది తెలియడం ర్యామ్ స్పీడు తెలియడం కన్నా తక్కువెలా అవుతుందో నాకు అర్థం కాదు, రోజూ ముద్ద వెళ్ళేది అందులోంచే కదా.

ఇంక అసలు కొన్నవి షేర్ చేయడం అనే పనే మనం ఎలా పాడుచేశామో చూడండి. డబ్బా ఫోటో, దాని మీద సీల్ కూడా తియ్యరు, "ఫైనల్లీ" అని ఒక మాట, కింద కంగ్రాట్స్, కంగ్రాట్స్, కంగ్రాట్స్. దేనికి కంగ్రాట్స్? పూర్తి మోడల్ నంబర్ అడిగితే జవాబు ఉండదు, లేదంటే "ఇన్‌బాక్స్ చూడండి" అని లింకు పడేస్తారు. అందరి ముందూ ఫోటో పెట్టినప్పుడు లేని మొహమాటం మోడల్ చెప్పేటప్పుడు ఎందుకు? ఎస్ఎస్‌డీల్లో మోడల్ పూర్తిగా తెలియకపోతే ఏమీ తెలియనట్టే, పేరు అదే ఉంచి లోపల డేటా దాచే ఫ్లాష్ చిప్పులు మార్చేసిన సందర్భాలు ఉన్నాయి. టీఎల్‌సీ అంటే ఒక్కో సెల్‌లో 3 బిట్లు, క్యూఎల్‌సీ అంటే 4. చిన్న ఫైళ్ళు కాపీ చేసినంత సేపూ రెండూ ఒకేలా పరిగెడతాయి, పెద్ద ఫైలు వేసి క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక కొన్ని క్యూఎల్‌సీల స్పీడు పాత హార్డ్ డిస్క్ కన్నా కిందకి పడిపోతుంది. డబ్బా ఫోటోలో ఇది కనపడుతుందా?

పైగా ఒక టెరాబైట్ కొంటే 931 జీబీయే చూపిస్తోంది, మోసం, అని ఒక స్టార్ ఇచ్చి పోయేవాళ్ళు. బాబూ, అమ్మేవాడు టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కవేస్తాడు, విండోస్ దాన్నే 1024తో భాగిస్తూ పోయి జీబీ అని చూపిస్తుంది, ఎవడూ ఏమీ దొంగిలించలేదు. మోసం చూడాలంటే కేబుళ్ళ దగ్గర చూడండి. 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో కొత్తగా అమ్మే ఫోన్లకి యూఎస్‌బీ-సీ తప్పనిసరి చేశారు, మంచిదే, కానీ చివర ఆకారం ఒకటైనంత మాత్రాన లోపల ఒకటే కాదుగా. అదే సీ పిన్నుతో 480 మెగాబిట్ల పాత యూఎస్‌బీ 2.0 కేబులూ వస్తుంది, దానికి ఎన్నో రెట్ల వేగం ఉన్నదీ వస్తుంది. 60 వాట్లు దాటాలంటే కేబుల్ చివర ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. అది లేని కేబుల్‌కి 100 వాట్ల ఛార్జరు తగిలించి "ఛార్జరు వేస్ట్" అని పోస్టు పెడితే ఏం లాభం. నేను కేబుల్ గురించి విడిగా రాసింది అందుకు. దాని మీద ఒక్కరు కూడా మాట్లాడలేదు.

పవర్ సప్లై మీద మాత్రం మాట్లాడారు, "గోల్డా, అయితే ఓకే" అని. 80 ప్లస్ గోల్డ్ అంటే కరెంటు వృథా తక్కువ అని మాత్రమే అండీ. లోపల షార్ట్ అయితే ఆగుతుందా, కెపాసిటర్లు ఎలాంటివి, ఇవి ఆ స్టిక్కర్ చెప్పదు. ఇది కూడా నేను రాసిందే.

నా అసలు కోపం ఇంకా పాతది, ఇవాళ్టి కామెంట్లు దాన్ని కెలికాయి అంతే. అప్పట్లో ఒకాయన నాన్‌స్టిక్ పెనం ఒకటి పెట్టి "జీవితాంతం ఉంటుంది, కళ్ళు మూసుకుని కొనండి" అన్నాడు. కొన్నది ఆ ముందు రోజే, మరి జీవితాంతం సంగతి ఎలా తెలిసిందో. నేనూ అదే కొన్నా. ఎప్పుడూ సన్నని మంటే, చెక్క గరిటే, మెత్తటి స్పాంజే, అయినా ఏడాది తిరగకుండానే మధ్యలో పూత బూడిద రంగుకి వచ్చి పొరలు లేచింది. వేలు పెడితే గరుకుగా తగిలేది. ఆ పోస్టు వెతికి పట్టుకుని కింద ఫోటోతో సహా రాస్తే వచ్చిన జవాబు, "మీకు వాడడం రాదు". ఆయన పెనం ఎలా ఉందో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నాకు వంటసామాను వాడడం రాదట, పీసీ బిల్డ్ చేయడం ఎలాగూ రాదట, మరి నాకు వచ్చేదేంటో ఈ కామెంట్ల మహానుభావులే నిర్ణయిస్తారన్నమాట.

ఆ పూత పీటీఎఫ్‌ఈ, అంటే మనం టెఫ్లాన్ అనేదే, 1938లో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్ట్ వేరే ప్రయోగంలో ఉండగా అనుకోకుండా దొరికింది. దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు, ఖాళీ పెనం పెద్ద మంట మీద పెడితే కొద్ది నిమిషాల్లోనే దాటేస్తుంది, ఇంకా ఎక్కువ కాలితే వచ్చే పొగ పెంపుడు పక్షుల్ని చంపేస్తుంది. ఇది ఆ పోస్టులో ఒక్క ముక్క లేదు. "పీఎఫ్‌ఓఏ ఫ్రీ" అని మాత్రం పెద్ద అక్షరాలతో రాశాడు. పీఎఫ్‌ఓఏ అంటే ఇలాంటి పూతల తయారీలో ఒకప్పుడు వాడిన రసాయనం. అమెరికాలో పెద్ద తయారీ కంపెనీలు దాన్ని 2015కల్లా మానేస్తామని ఒప్పుకుని మానేశాయి కూడా, ఇంకా అదేదో గొప్పలా డబ్బా మీద వేస్తే దాన్నే మనవాళ్ళు రివ్యూలోకి ఎత్తి రాస్తారు. గ్రాఫిక్స్ కార్డు ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కితే గ్రాఫులు గీసి కొట్టుకునే జనం, ఇంట్లో అందరూ తినే పెనం గురించి ఒక్క ప్రశ్న వెయ్యరు. నాకు మండేది అక్కడ.

కాబట్టి నేను గిన్నెలు పెడతాను. పార్ట్స్ పక్కనే పెడతాను, అదే ఫోటోలో. వచ్చేసారి పోత ఇనుము పెనం వస్తుంది, నూనె పట్టించి కాల్చినప్పుడు ఆ నూనె గట్టిపడి పొరలా ఎలా మారుతుందో దశదశకీ ఫోటోలతో పెడతాను. ఇబ్బంది ఉన్నవాళ్ళు అన్‌ఫాలో చేసుకోవచ్చు. మిగతావాళ్ళు ఒక పని చేయండి. ఇదే ఎస్ఎస్‌డీ వాడుతున్నవాళ్ళు పెద్ద ఫైలు కాపీ చేస్తే స్పీడు ఎన్ని జీబీల దగ్గర పడిపోయిందో కింద రాయండి, ట్రైప్లై ఇండక్షన్ మీద వాడేవాళ్ళు అడుగు ఉబ్బిందో లేదో చెప్పండి. మోడల్ నంబర్ మొత్తం రాయండి, ఇన్‌బాక్స్‌లో కాదు, ఇక్కడే.