రంజాన్ కిట్లు పంచే స్కూళ్లకి ఒక మాట

రంజాన్ వస్తోందంటే చాలు, తొమ్మిది, పదో తరగతి పిల్లల్ని బేనర్ ముందు నిలబెట్టి, ఒక పేద తల్లి చేతిలో రేషన్ కిట్ పెట్టించి ఫోటో తీస్తారు. దానికి ఖిద్మత్ (సేవ) అని పేరు. కిట్ కట్టింది కొట్టువాళ్లు, లెక్క రాసింది క్లర్కు. మరి పిల్లలు నేర్చుకున్నదేంటి?

అసలు పాఠం కాటా దగ్గరుంది. 50 కిలోల కందిపప్పు బస్తా విప్పి, కిలో చొప్పున 50 పొట్లాలు పిల్లలతోనే కట్టించండి. "పోనీలే, సవాబే (పుణ్యమే) కదా" అని పొట్లానికి 20 గ్రాములు ఎక్కువ పోస్తే 49 పొట్లాలకే బస్తా అయిపోతుంది. ఒక కవరు ఖాళీగా మిగులుతుంది. అది ఏ ఇంటి వంతు? అక్కడ ఆపి ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) ముతఫ్ఫిఫీన్ మొదటి మూడు ఆయత్‌లు (వాక్యాలు) చదివించండి. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల గురించి చెప్పిన మాటలవి. బట్టీ పట్టినప్పుడు తలకెక్కనిది ఆ ఖాళీ కవరు చూస్తే ఎక్కుతుంది. తర్వాత అన్నీ విప్పి మళ్లీ తూయించండి. గంట పడితే పడనివ్వండి, అమానత్ (నమ్మి అప్పగించినదాన్ని కాపాడటం) అంటే ఆ గంటే.

లీటరు నూనె ప్యాకెట్ కిలో ఉంటుందనుకుంటారు, నూనె 910 గ్రాములే. కట్టిన కిట్లు తూసి సరిచూసేటప్పుడు లెక్క ఇక్కడే తప్పుతుంది. నూనెని విడి కవర్లో పెట్టాలి, కారిందంటే గోధుమపిండి పాడైపోతుంది. ఈ పనంతా రంజాన్‌కి ముందు నెల షాబాన్‌లోనే ముగించండి, ఉపవాసంలో పిల్లల చేత బస్తాలు మోయించకండి.

జకాత్ (ఏటా తప్పక తీయాల్సిన దానం) డబ్బా వేరు, సదఖా (ఇష్టంతో ఇచ్చే దానం) డబ్బా వేరు. హనఫీ ఫిఖ్ (హనఫీ సంప్రదాయపు ధర్మశాస్త్రం) ప్రకారం జకాత్ సొమ్ము హక్కున్నవాళ్లకి సొంతమై తీరాలి. ఆటో కిరాయి, బేనర్ ఖర్చు అందులోంచి తీయకూడదు. జకాత్ ముస్లింలకే కాబట్టి, ముస్లిమేతర ఇరుగుపొరుగుకి ఇచ్చే కిట్లు సదఖాలోంచి కొనాలి. ఎందుకో పిల్లలకి ముందే చెప్పి, రెండు రిజిస్టర్లూ వాళ్ల చేతికే ఇవ్వండి. ప్రతి బిల్లు మీదా ఇద్దరు సంతకం పెట్టాలి.

అన్నిటికంటే బాధ పెట్టేది ఇంకొకటుంది. కిట్ అందుకునే ఇంటి పిల్లాడు చాలాసార్లు అదే క్లాసులో ఉంటాడు. మర్నాడు వాడు ఏ ముఖంతో బెంచీ మీద కూర్చుంటాడు? పేర్ల జాబితా ఒక్క టీచర్ దగ్గరే ఉండాలి, సంచుల మీద నంబర్లే ఉండాలి. గుట్టుగా పేదలకిస్తే మీకు మరింత మేలని సూరా బఖరా 271వ ఆయత్ చెబుతుంది కదా. ఇళ్లకి చేర్చే పని పెద్దలే చూసుకోవాలి, సలాం చెప్పి సంచి ఇచ్చి వచ్చేయాలి. ఫోన్ జేబులోంచి తీయొద్దు. దాతలు రుజువు అడిగితే పిల్లలు సంతకాలు పెట్టిన ఆ బిల్లులే చూపించండి.