దంపతుల చికిత్స: 70 శాతం మాటెంత నిజం?

ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ, క్లుప్తంగా ఈఎఫ్‌టీ, గురించి చదివే దంపతులకు ముందుగా కనబడేది ఒక అంకె: చికిత్స తీసుకున్న జంటల్లో 70 నుంచి 73 శాతం కోలుకుంటాయని. ఆ అంకె అబద్ధం కాదు. కానీ విడాకుల అంచున నిలబడి ఆశతో వచ్చేవారికి, అది ఎవరిని చూసి వేసిన లెక్కో కూడా చెప్పడం న్యాయం.

1980లలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన ఈ పద్ధతి, గొడవకు కారణమైన విషయాన్ని కాక గొడవ నడిచే తీరును పట్టుకుంటుంది. ‘రోజంతా ఒక్క ఫోన్ చేయడానికి మీకు తీరిక దొరకలేదా?’ అని భార్య నిలదీస్తుంది. భర్త బదులివ్వకుండా లేచి పక్క గదిలోకి వెళ్లిపోతాడు. ఆమె గొంతు పెరిగినకొద్దీ అతడు మరింత ముడుచుకుపోతాడు. మన పెద్దమనుషుల పంచాయతీ అయితే తప్పెవరిదో తేల్చడానికి కూర్చుంటుంది. ఈఎఫ్‌టీ థెరపిస్టు ఆ పని చేయరు. ‘ఈయనకు నేను అక్కర్లేదేమో’ అన్న ఆమె బెంగనూ, ‘నేనేం చేసినా ఈమెకు ఆనదు’ అన్న అతడి నిస్పృహనూ పైకి తెచ్చి, ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేలా చేస్తారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

ఇక లెక్క విషయానికొస్తే, 70-73 శాతం అన్నది 1999లో జాన్సన్, ఆమె సహచరులు కేవలం నాలుగు అధ్యయనాలను కలిపి తేల్చినది. పద్ధతిని కనిపెట్టినవారే ఫలితాన్ని లెక్కగట్టినప్పుడు, వారి నిజాయతీని శంకించకపోయినా, బయటివారి పరీక్ష కోసం ఎదురుచూడడం శాస్త్ర మర్యాద. 2022లో 20 అధ్యయనాలను, 332 జంటలను పరిశీలించిన మరో విశ్లేషణలోనూ దాదాపు 70 శాతమే తేలింది. అది ఊరటనిచ్చే మాటే అయినా, ఒక్కో అధ్యయనంలో సగటున ఎన్ని జంటలుంటాయో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. రెండేళ్ల తర్వాత కూడా మార్పు నిలిచిందని తరచూ ఉదహరించే అధ్యయనంలో ఉన్నవి 13 జంటలే. వారంతా దీర్ఘకాలిక జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు.

ఈఎఫ్‌టీ అన్ని చికిత్సలకన్నా మెరుగన్న ప్రచారానికైతే ఆధారం బలహీనం. 2019లో 33 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులకు ఈఎఫ్‌టీకి, ప్రవర్తనపై దృష్టిపెట్టే పాత తరహా దంపతుల చికిత్సకు మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఊళ్లో దొరికే మంచి కౌన్సెలర్ వేరే పద్ధతి పాటిస్తున్నారని వెనుదిరగాల్సిన పని లేదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ కూడదు. ఇంట్లో హింస సాగుతున్నప్పుడు ఈ చికిత్స పనికిరాదని దాన్ని రూపొందించినవారే స్పష్టంగా చెప్పారు. కొట్టే మనిషి ముందు మనసులోని భయాన్ని విప్పి చెప్పమనడం భార్యను మరింత ప్రమాదంలోకి నెట్టడమే అవుతుంది. అందుకే చికిత్స మొదట్లోనే ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతారు. ఆ ఏర్పాటు లేకుండా, తొలిరోజు నుంచీ ‘సర్దుకుపోండి’ అని ఇద్దరినీ కలిపే కూర్చోబెట్టే చోట, భార్య తన ఒంటిమీది దెబ్బల గురించి నోరు విప్పే అవకాశమే ఉండదు.