పాఠం చెప్పే మాస్టారికి పోలీసుల నుంచి పిలుపు

బి.ఎడ్. పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్న ఇంగ్లిష్ టీచర్లు నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో ఎంతోమంది ఉన్నారు. ఆ జీతంతో ఇల్లు గడవదు. థాయ్‌లాండ్ అనో, వియత్నాం అనో, చైనా అనో, ఒమన్ అనో కన్సల్టెన్సీవాళ్లు చెబితే ఆశ పుట్టడం సహజం. వెళ్లాలనుకునేవాళ్లను వెళ్లొద్దని మేము అనం. మాల్దీవుల బడుల్లో, ఇథియోపియా, లిబియా కాలేజీల్లో మనవాళ్లు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి మంచి పేరే తెచ్చుకున్నారు. మా ఆందోళన వేరే విషయం గురించి. జీతం, గది, విమానం టికెట్ గురించి గంటసేపు మాట్లాడే ఏజెంటు, అక్కడ ఏదో ఒక రోజు పోలీసులు గానీ ఇమ్మిగ్రేషన్ వాళ్లు గానీ పిలిస్తే ఏం చేయాలో ఒక్క మాట కూడా చెప్పడు.

పిలుపు వచ్చిందంటే తప్పు చేసినట్టు కాదు. పరాయి దేశంలో విదేశీ టీచరు మీద కన్ను ఉండటానికి ఆ ఉద్యోగమే చాలు. స్థానికులతో రోజంతా మాట్లాడేది ఆయనే. పిల్లలతో, ఉద్యోగులతో, ఒక్కోసారి అధికారుల కుటుంబాలతో కూడా మాట్లాడతాడు. మాట్లాడించడమే ఆయన పని. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో 'మీ ఊళ్లో సమస్యలేమిటి' అని అడగడం మనకు మామూలు ప్రశ్న. కొన్ని దేశాల్లో ఆ ప్రశ్న క్లాసు దాటి బయటికి వెళుతుంది.

ఇంగ్లిష్ భాషనే అనుమానించిన ప్రభుత్వాలూ ఉన్నాయి. అమెరికా బాంబు దాడుల తర్వాత 1986లో లిబియా తన బడుల్లో ఇంగ్లిష్ బోధనను ఆపేసింది. 2018 జనవరిలో ఇరాన్ ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లిష్ చెప్పడాన్ని నిషేధించింది. ఇంగ్లిష్ నేర్పడం ప్రధాన పనుల్లో ఒకటిగా ఉన్న బ్రిటిష్ కౌన్సిల్‌కు రష్యాలో ఎదురైనది ఇంకా గట్టి అనుభవం. 2008 జనవరిలో అక్కడి భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ, కౌన్సిల్‌లో పనిచేస్తున్న రష్యన్ ఉద్యోగులను పిలిపించి ప్రశ్నించింది. కొందరి ఇళ్లకు రాత్రిపూట అధికారులు వెళ్లారు. సెయింట్ పీటర్స్‌బర్గ్, యెకాతెరిన్‌బర్గ్ కార్యాలయాలు మూతపడ్డాయి. 2018లో రెండు దేశాల మధ్య గొడవ ముదిరినప్పుడు మొత్తం సంస్థనే దేశం నుంచి పంపేశారు. ఆ గొడవకూ, తరగతిలో వ్యాకరణం చెప్పుకునే టీచరుకూ ఏ సంబంధమూ లేదు. అయినా పోయింది ఆయన ఉద్యోగమే. చైనాలో 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన గూఢచర్య నిరోధక చట్ట సవరణ, దేశ భద్రతకు సంబంధించిన పత్రాలు, డేటా అన్నింటినీ తన పరిధిలోకి తెచ్చుకుంది. ఏది భద్రతకు సంబంధించినదో ముందే తెలుసుకోవడం విదేశీయుడికి కష్టం.

ఇది ఏవో కొన్ని దేశాల జబ్బు అని తీసిపారేయడానికి లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మనమంతా కలిసి ఉన్న రోజుల్లో, మదురై ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మిషనరీ రాల్ఫ్ రిచర్డ్ కైతాన్‌ను బ్రిటిష్ ప్రభుత్వం 1930లో ఒకసారి, 1944లో మరోసారి దేశం నుంచి పంపేసింది. ఆయన నేరం జాతీయోద్యమం వైపు నిలబడటం.

ఇలాంటి పెద్ద సంఘటనలు పేపర్లలో వస్తాయి. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ యూనివర్సిటీలో పనిచేస్తూ ఇంటికి బయలుదేరిన నలుగురు భారతీయ అధ్యాపకులను దారిలో తీవ్రవాదులు పట్టుకున్నారు. కర్ణాటకకు చెందిన ఇద్దరు త్వరగానే విడుదలయ్యారు. తెలుగువాళ్లిద్దరు 2016 సెప్టెంబరు దాకా బందీలుగానే ఉన్నారు. ఆ కుటుంబాలు ఏడాదికి పైగా ఎలా బతికాయో తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అయితే విదేశాల్లో టీచర్లకు రోజువారీగా ఎదురయ్యేది ఇంత భయంకరమైనది కాదు. చాలావరకు అది కాగితాల గొడవ. అందుకే అది తప్పించదగినది, అందుకే మేము దీని గురించి రాస్తున్నాం.

థాయ్‌లాండ్‌లో టూరిస్టు వీసా మీద పాఠం చెప్పడం చట్టవిరుద్ధం. ఉద్యోగానికి తగిన వీసా, దానితో పాటు వర్క్ పర్మిట్ ఉండాలి. 'ముందు వెళ్లండి, అక్కడ మార్పిస్తాం' అన్న ఏజెంటు మాట నమ్మి క్లాసులో నిలబడితే, తనిఖీకి వచ్చిన ఇమ్మిగ్రేషన్ పోలీసులకు దొరికేది టీచరే. చైనాలో విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి. పర్మిట్‌లో ఏ సంస్థ పేరు ఉందో అక్కడే పనిచేయాలి. సాయంత్రం పూట ఇంకో సెంటర్లో రెండు క్లాసులు చెబితే అది అక్రమ ఉద్యోగం కిందికి వస్తుంది. పైగా అక్కడ ఇంగ్లిష్ బోధనకు ఆ భాష మాతృభాషగా ఉన్న దేశాలవాళ్లకే సాధారణంగా అనుమతి ఇస్తారు. భారతీయుణ్ని ఇంగ్లిష్ టీచరుగా తీసుకెళ్లడానికి కాగితాల మీద ఇంకేదో హోదా రాసేవాళ్లు ఉంటారు. ఆ హోదా ఏమిటో చాలాసార్లు టీచరుకే తెలియదు, ఎందుకంటే కాంట్రాక్టు ఆయన చదవలేని భాషలో ఉంటుంది. పాస్‌పోర్టు యాజమాన్యం దగ్గర ఉంటుంది.

కాగితాలు తయారు చేసింది ఏజెంటు, పనిచేయించుకున్నది యాజమాన్యం. స్టేషన్లో కుర్చీలో కూర్చుని టెన్షన్‌తో చెమటలు పట్టేది మాత్రం నెల్లూరు నుంచి వెళ్లిన మాస్టారికి, ఒంగోలు నుంచి వెళ్లిన మేడమ్‌కి. ఈ అన్యాయాన్ని మాటవరసకు కూడా ఎవరూ ప్రస్తావించకపోవడం మాకు బాధగా ఉంది.

అక్కడ కూర్చోవలసి వస్తే ఏం చేయాలి? 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో 36వ అధికరణం అనేది ఒకటుంది. విదేశీయుణ్ని నిర్బంధిస్తే, అతను కోరిన వెంటనే అతని దేశ దౌత్య కార్యాలయానికి సమాచారం ఇవ్వాలి, ఆ హక్కు ఉందని అతనికి చెప్పాలి. గూఢచర్యం ఆరోపణతో పాకిస్తాన్ జైల్లో పెట్టిన భారతీయుడు కుల్‌భూషణ్ జాదవ్ విషయంలో ఆ దేశం ఈ అధికరణాన్నే ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జూలై 17న తీర్పు చెప్పింది. అంత పెద్ద కేసులో నిలబడిన హక్కు మన టీచరుకూ ఉంది. 'మా ఎంబసీకి చెప్పండి' అని మర్యాదగా, మళ్లీ మళ్లీ అడగాలి. చదవలేని భాషలో ఉన్న వాంగ్మూలం మీద సంతకం పెట్టే ముందు దుబాసీని అడగాలి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు ఊళ్లో ఇంటివాళ్ల దగ్గర తప్పనిసరిగా ఉండాలి. దగ్గు మందులు, నొప్పి మాత్రల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ట్రమడాల్ లాంటి మందు గల్ఫ్‌లో నియంత్రిత జాబితాలో ఉంది. భారతదేశ పటం ఉన్న అట్లాసు కూడా ఇబ్బంది పెట్టవచ్చు. సరిహద్దులు తమకు నచ్చినట్టు లేవని చైనా అధికారులు 2019లో సుమారు 30 వేల ప్రపంచ పటాలను ధ్వంసం చేశారు.

ఇవన్నీ చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఇక్కడే ప్రభుత్వం వదిలేసిన ఖాళీ ఉంది. గల్ఫ్‌కు కూలికి వెళ్లే పదో తరగతి పాసవని కార్మికుడికి 1983 వలస చట్టం కింద ఎంతో కొంత రక్షణ ఉంది. అతని కాంట్రాక్టును చూస్తారు, క్లియరెన్స్ ఇస్తారు. డిగ్రీ చదివిన టీచరు పాస్‌పోర్టుకు ఆ తనిఖీ అక్కర్లేదు. చదువుకున్నవాడు తనను తాను చూసుకుంటాడని చట్టం అనుకుంది. ఇలాంటివాళ్లు కూడా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లే ముందు వలసదారుల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలని 2018 నవంబరులో కేంద్రం ప్రకటించింది. అభ్యంతరాలు రావడంతో కొద్దిరోజులకే దాన్ని పక్కన పెట్టింది. ప్రయాణాన్ని ఆపే నిబంధన కావాలని మేము అడగడం లేదు. ఎవరు ఎక్కడికి, ఏ సంస్థకు, ఏ వీసా మీద వెళ్లారో ఒక చోట రాసి ఉంటే, పిలుపు వచ్చిన రోజు ఎంబసీకి వెతుకులాట తప్పుతుంది. విదేశీ జైళ్లలో పదివేల మందికి పైగా భారతీయులు ఉన్నారని 2025లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది.

మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు వచ్చారు, 1866లో వాళ్ల మిషనరీ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడ్డారు. విదేశీయులు వచ్చి బడులు పెట్టడం ఈ నేలకు బాగా తెలుసు. ఇప్పుడు ఏదైనా స్కూలు విదేశీ టీచర్ని రప్పిస్తే నిబంధనలు తెలుసుకోవాలి. బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఆ విదేశీయుడి వివరాలు అధికారులకు పంపాలి. జిల్లాలో విదేశీయుల నమోదు అధికారి ఎస్పీయే. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లతో ఉద్యోగం చేయించకూడదు. ఉద్యోగ వీసాకు కనీస జీతం ఏడాదికి 16.25 లక్షలుగా ఉండేది. మిగతా భాషల టీచర్లకు అందులో మినహాయింపు ఇచ్చి, ఇంగ్లిష్ టీచర్లకు మాత్రం ఇవ్వలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం అమల్లోకి వచ్చింది. వీసా షరతులు మీరితే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా పడవచ్చు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ ఇక్కడ నేరమని చాలామంది విదేశీయులకు తెలియదు. కృష్ణపట్నం రేవు ఉన్న తీరంలో పోలీసులు దాన్ని తేలిగ్గా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. కానీ ఆ మాట ముందే చెప్పవలసింది పిలిపించిన యాజమాన్యం. మన పిల్లలు అక్కడ ఎలాంటి మర్యాద కోరుకుంటారో, విచారణకు వచ్చిన విదేశీ టీచరుకు మన స్టేషన్లో అదే మర్యాద దక్కాలి. దుబాసీని పిలవాలి, ఎంబసీకి చెప్పాలి, ఆడవాళ్లను మహిళా సిబ్బంది సమక్షంలోనే ప్రశ్నించాలి.

నెల్లూరు, ఒంగోలు ఉపాధి కార్యాలయాల్లో నెలకొకసారి ఒక పూట, విదేశీ ఉద్యోగానికి వెళ్లే టీచర్లను కూర్చోబెట్టి కాంట్రాక్టు చదివి చెప్పే ఏర్పాటు కలెక్టర్లు చేయగలరు. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వానికే ఓంక్యాప్ అనే సంస్థ, ప్రవాసుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. వాటి మనుషులు ఆ పూట ఇక్కడికి రావాలి. లైసెన్సు లేకుండా టీచర్లను పంపుతున్న కన్సల్టెన్సీల మీద ఎస్పీలు తనిఖీలు పెట్టాలి. 2018లో పక్కన పెట్టిన చదువుకున్నవాళ్ల నమోదు సంగతి ఆ తర్వాత ఏమైందని ఈ రెండు జిల్లాల ఎంపీలు వచ్చే పార్లమెంటు సమావేశాల్లో అడగాలి. వాళ్లకు వచ్చే జవాబును మేము ఇదే పేజీలో ప్రచురిస్తాం.