ఊయల కూడా ఇంటితోనే వస్తుందట!

ఇప్పుడే ఫోను పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. మియాపూర్‌లో మా ఫ్లాట్ కొంటున్న వాళ్ల ఇల్లాలు చేసింది. బయానా ఇచ్చి వెళ్లినప్పటి నుంచి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. మొన్న గీజర్లు, నిన్న కర్టెన్ల రాడ్లు, ఇవాళ హాల్లో ఊయల. "అది స్లాబుకు బిగించి ఉంది కదండీ, ఇంటితోనే వస్తుంది కదా" అని. ఎంత తియ్యగా అడిగిందో!

ఆ ఊయల బల్ల మా అత్తగారిది. టేకు చెక్క, ఇత్తడి గొలుసులు, గొలుసుల మధ్య అక్కడక్కడా చిలుకలు. ఇల్లు మారినప్పుడు ఒక చిలుక ముక్కు విరిగితే ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే దాని మీద కూర్చునే వత్తులు చేసుకునేవారు. దాన్ని వదిలేసి రావాలట. కొక్కేలు స్లాబులో ఉన్నాయి, కావాలంటే అవి ఉంచుకోమనండి.

బేరమాడేటప్పుడు మాత్రం ఈ ఇంట్లో పనికొచ్చే వస్తువు ఒక్కటీ వాళ్ల కంటికి ఆనలేదు. వంటగది అరలు పాతవి. గీజర్లు ఎప్పుడు పోతాయో తెలియదు. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి. ఇలా వంకలు పెట్టి పెట్టి ధర తగ్గించారు. పోనీలే అని సరేనన్నాం. ఇప్పుడు ఆ చప్పుడు చేసే ఫ్యాన్లే కావాలట! అంత చప్పుడులో వాళ్లకు నిద్రెలా పడుతుందో పాపం.

ఇదంతా ఒక ఎత్తు, రిజిస్ట్రేషన్ సంగతి ఒక ఎత్తు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ఆ భారం తగ్గించుకోవడానికి కొనే ఆయనగారికి ఒక ఉపాయం తట్టింది. దస్తావేజులో ధర కొంత తగ్గించి రాసి, ఆ తేడాను ఫర్నిచర్ ఖరీదుగా వేరే కాగితం మీద చూపిద్దామన్నారు. అంటే కాగితం మీద మా కుంగిపోయిన సోఫా లక్షలు పలుకుతుంది, నోటితో అడిగేటప్పుడు మాత్రం అంతా ఉచితం. రేపు ఆదాయపు పన్ను వాళ్లు వచ్చి ఆ లక్షల సోఫా ఏదీ అంటే ఎవరు చూపిస్తారు? మేము కుదరదన్నాం. ఆ అక్కసే ఇప్పుడు ఊయల మీదికి మళ్లిందని నా అనుమానం. అనుమానమేమిటి, నమ్మకమే.

మా వారికి కోపం రాదు, చట్టం వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీసి కూర్చున్నారు. ఎనిమిదో సెక్షన్ ప్రకారం, ప్రత్యేకంగా ఏమీ రాసుకోకపోతే తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీలు, ఇంటితో పాటు శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ కొన్నవారికే చెందుతాయట. సరే, వంటగది అరలూ గోడ బీరువాలూ వాళ్లవే, మేము ఎప్పుడు కాదన్నాం? కానీ ఆ ఊయల సుఖం మా అత్తగారి నడుముకే గాని ఇంటికేమిటి? ఇక ఫ్యాన్ల విషయమంటారా, ఆ చట్టం రాసిన దొరలు పంకా కింద కూర్చుని రాశారు. ఇల్లు అమ్మితే పంకా లాగే మనిషి కూడా ఇంటితోనే వస్తాడో రాడో వాళ్లూ తేల్చలేదు.

అయినా ఆయన "తలుపులు" అని చదవగానే నా మనసు భీమవరం వైపు పోయింది. మా పుట్టింటి తలుపులు బర్మా టేకువి. అన్నయ్య ఆ ఇల్లు అమ్మినప్పుడు, అప్పగించే ముందే తలుపులూ ద్వారబంధాలూ ఊడపీకించి, పాత సామాను కొనేవాడికి విడిగా అమ్ముకున్నాడు. కొన్నాయన ఎలాగూ పడగొట్టి కట్టుకునేవాడే, పట్టించుకోలేదు. ఆ ఇంట్లోంచి నేను అడిగింది ఒకే ఒక్కటి, అమ్మ భోషాణం. ఇత్తడి గుండిగలు, పెద్ద పండగలకే బయటికొచ్చే పళ్లేలు అన్నీ అందులోనే ఉండేవి. మూత మీద ఒక మూల అమ్మ తమలపాకులకు సున్నం రాసుకున్న తెల్లటి మరక, ఎంత తుడిచినా పోయేది కాదు. అన్నయ్య చెప్పిన జవాబు వినండి. "అది గుమ్మంలోంచి పట్టదమ్మా, అందుకే ఇంటితోనే ఇచ్చేశాను."

గుమ్మాలే పీకేసిన ఇంట్లో గుమ్మం పట్టలేదట!

కదిలే పెట్టె ఇంటితో పోయింది, ఇంటికి అంటుకుని ఉన్న తలుపులు వాడి జేబులోకి పోయాయి. చట్టం సరిగ్గా తలకిందులు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకానికి మాత్రం చెల్లెలు గుర్తొచ్చింది. ఆడపిల్లలకు వాటా ఇస్తూ 1986లోనే చట్టం తెచ్చిన రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, గొప్పే. ఆ వాటా సంతకం దాకా వచ్చి ఆగిపోతుంది. "రా అమ్మా, ఇక్కడ పెట్టు, ఇక్కడ కూడా." సంతకం పెట్టాక వదిన కాఫీ ఇచ్చింది, అదే నా వాటా.

అందుకే ఈసారి నోటిమాటలు లేవు. ఏది వదులుతామో, ఏది తీసుకెళ్తామో గదులవారీగా రాసి అగ్రిమెంటుకు జత చేయించమని బ్రోకరుకు చెప్పాను. "బల్బులు కూడా రాయాలా అమ్మా?" అని నవ్వాడు. బల్బులు కూడా రాయి నాయనా, హోల్డర్లతో సహా.

ఈ పోస్టు మా వదిన చదువుతుందని తెలుసు. చదవనివ్వండి. తలుపులకు ఎంత వచ్చిందో ఇప్పటికైనా ఫోను చేసి చెప్పమనండి.