బ్లాక్‌హౌస్ గారికి, నా జాకెట్ విషయమై రాయునది

స్కాట్లాండు, లూయిస్ దీవి, అట్లాంటిక్ గాలికి ఎదురుగా, చెట్టన్నది కనపడని చోట కాపురముంటున్న, రాతిగోడల గడ్డికప్పు పాతకాలపు ఇల్లైన బ్లాక్‌హౌస్ గారికి గ్లాస్గో నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

ఉభయకుశలోపరి అని అలవాటుకొద్దీ రాశా గానీ నా జాకెట్ మాత్రం కుశలంగా లేదండీ. మీ చుట్టాలింటికి ఒకదానికి వచ్చిపోయి మూడు వారాలైంది, రెండుసార్లు వాషింగ్ మెషిన్‌లో వేశాం, ఒక రాత్రంతా కిటికీకి తగిలించి వానలో నానబెట్టాం (గ్లాస్గోలో ఇదేం పెద్ద కష్టం కాదు), అయినా పీట్ (బురదనేలలోంచి కోసి, ఎండబెట్టి పొయ్యిలో కాల్చే మట్టిగడ్డ) పొగ వాసన వదల్లేదు. ఆఫీసులో పక్క సీటాయన గాలి పీల్చి, విస్కీ డిస్టిలరీకి వెళ్ళొచ్చావా అని కన్నుకొట్టాడు. నేను టీ తప్ప ఏదీ ముట్టనివాణ్ణి, ఇప్పుడు ఆఫీసులో నా పేరు ఏమైపోవాలి?

మీరు అని మొదలెట్టా గానీ ఇలా కుదిరేట్టు లేదు, మా నాయనమ్మని నువ్వనే పిలిచేవాణ్ణి, నీ వాలకం చూస్తే ఆవిడ వయసుదానిలాగే ఉన్నావు, ఇక నువ్వే.

ముందు పేరు సంగతి. మీ దీవి భాష గేలిక్‌లో నిన్ను 'తై దూ' అంటారంట, నల్ల ఇల్లు. తెలుగులో కలిపితే నల్లిల్లు అవుతుంది, మావాళ్ళు వింటే నల్లులున్న ఇల్లు అనుకుంటారు. అదే అన్యాయం, ఎందుకంటే నీ లోపల పొగకి మనిషే కళ్ళు నలుపుకుంటూ బయటికొస్తుంటే ఇంక నల్లికి ఏం దిక్కు.

తర్వాత నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉల్లాపూల్ రేవులో మీ దీవికి ఓడెక్కేదాకా క్రాఫ్ట్ అంటే నువ్వే అనుకున్నా. మా ఆవిడైతే క్రాఫ్ట్ చూడ్డానికెళ్తున్నాం అనగానే బుట్టలూ బొమ్మలూ అమ్మే ఎగ్జిబిషన్ అనుకుని ఇంకో సంచి కూడా సర్దింది. తీరా చూస్తే క్రాఫ్ట్ అంటే ఇల్లు కాదు, భూమి. కౌలు చెక్క. చీరల కొట్లో తానులు పరిచినట్టు పక్కపక్కనే సన్నగా పొడుగ్గా సముద్రం వైపుకి దిగే ముక్కలు, ఒక్కో ముక్కకీ ఒక నంబరు, ముక్క చివర రోడ్డు పక్కన ఇల్లు. పొలాలకి పైన ఒక అడ్డగోడ, గోడ దాటితే ఊరుమ్మడి బీడు, ఎవరు ఎన్ని గొర్రెల్ని తోలొచ్చో ఎన్ని ఆవుల్ని తోలొచ్చో ఇంటికింత అని లెక్క. చలికాలానికి పొయ్యిలోకి పీట్ కోసుకొచ్చేది కూడా ఆ పైనుంచే. ఎండాకాలం వస్తే ఆడవాళ్ళూ పిల్లలూ పశువుల్ని తోలుకుని ఇంకా పైకెళ్ళి గుడిసెల్లో ఉండి వెన్నా జున్నూ చేసుకునేవాళ్ళు. ఆర్నోల్ అనే ఊళ్ళో 42 నంబరు బ్లాక్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం, బాగా ఫేమస్, ఆ 42 కూడా భూమి నంబరే. అంటే నీకంటూ సొంత నంబరు కూడా లేదు తల్లీ, పొలం పేరు చెప్పుకుని బతికావు.

సరే, మీ చుట్టాలింటి ముందు నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశా, మా ఊరు తెనాలి దగ్గర. గాలికి ఫోను చేతిలో ఆగట్లేదు, వాన పైనుంచి కాకుండా పక్కనుంచి పడుతోంది, నేను బోర్డు మీదున్నది చదివి వినిపిద్దామని గొంతు సవరించుకునేలోపే అమ్మ ఒక్క చూపు చూసి "చూరేదిరా?" అంది.

నిజంగానే చూరు లేదు. గోడ చూస్తే కొన్నిచోట్ల ఆరడుగుల మందం, దాని మీద అడ్డంగా మంచం వేసుకోవచ్చు. సున్నం లేదు, సిమెంటు లేదు, లోపలో వరస రాళ్ళు బయటో వరస రాళ్ళు పేర్చి మధ్యలో మట్టీ పీటూ కూరారు. కప్పేమో లోపలి వరస మీదే కూర్చుంది, అంటే పడ్డ వానంతా జారి గోడ నడినెత్తికి చేరుతుంది. మా ఊళ్ళో తాపీమేస్త్రి ఇలా కడితే చెట్టుకి కట్టేసి అడిగేవాళ్ళం. పైగా ఆ గోడ మీద పచ్చగా గడ్డి. కానీ ఇక్కడి గాలికి చూరు బయటికి పొడుచుకొస్తే దాని కింద చెయ్యి పెట్టి కప్పు కప్పంతా లేపుకుపోతుంది, అందుకే పట్టు దొరక్కుండా గుండ్రంగా ముడుచుకుని కూర్చున్నావు, మధ్యలో తడిసిన మట్టి చలిగాలి దూరే సందులు మూసేస్తుంది, గడ్డికప్పు మీద తాళ్ళో పాత చేపల వలలో వేసి చివర్లకి బండరాళ్ళు వేలాడదీశారు, లుంగీ ఎగరకుండా కొంగుకి రాయి కట్టుకున్నట్టు. ఇదంతా చెప్తే అమ్మ, "అయితే చూరు పట్టుకుని వేలాడే చుట్టాలు ఉండరన్నమాట" అంది.

ఉన్నారు. ఆవులు.

అమ్మ రెండో ప్రశ్న అదే, గొడ్లెక్కడ అని. మనుషులకీ గొడ్లకీ ఒకటే గుమ్మం, లోపలికెళ్ళాక నువ్వటు నేనిటు. నేల కాస్త వాలు, గొడ్లు పల్లంవైపు, లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చలికాలమంతా పేడ ఎత్తరు, పొరల మీద పొరలు, ఎండ మొహం కనపడగానే కొట్టం చివర గోడ కొంత విప్పి పేడంతా ఎత్తి చేలో వేసుకుని మళ్ళీ రాళ్ళు పేర్చేసేవాళ్ళంట. ఇంటికి సీజన్‌కోసారి జిప్ తీసి వేసినట్టు. ఇప్పుడక్కడ ఒక్క ఆవు కూడా లేదు, అయినా వినగానే మా ఆవిడ ముక్కు మూసుకుంది. అమ్మ మాత్రం "రాత్రిళ్ళు వెచ్చగా ఉండుంటుంది" అంది. జనవరిలో మా ఫ్లాటుకొచ్చిన హీటింగ్ బిల్లు చూశాక నాకూ అదే అనిపించింది గానీ ఏం చేస్తాం, అగ్రిమెంట్‌లో కుక్కపిల్లకే పర్మిషన్ లేదు.

వెనకే ఆనుకుని ధాన్యం కొట్టు. అందులో తూర్పారబట్టుకోడానికి గోడకే కింద ఒక కంత పెట్టుకున్నావు చూడు, దానికి మాత్రం దండం పెట్టా. ఆ గాలిలో బయట నిలబడి బార్లీ తూర్పారబడితే పొట్టూ గింజా కలిసి నార్వే వెళ్తాయి, అందుకని గాలిని కావలసినంతే లోపలికి రానిచ్చావు.

ఇక వాసాలు. చెట్లు లేని దీవి కాబట్టి సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రా, పగిలిన పడవల చెక్కా ఏది దొరికితే అదే వాసం. మా భాషలో తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ద్రోహం. మీ దగ్గర అది ఆస్తి లెక్క. నేల భూస్వామి దొరది, రాళ్ళు దొరవి, వాసాలు మాత్రం చాలాచోట్ల కౌలుదారువే, ఇల్లు మారితే గోడలు వదిలేసి వాసాలు మోసుకుపోయేవాళ్ళు. ఇల్లంటే కప్పుకర్రే.

ఇప్పుడు నా జాకెట్ దగ్గరికొద్దాం, అంటే పొగ దగ్గరికి. నీకు చిమ్నీ లేదు, పొయ్యి నడింట్లో నేల మీద, పొగ పైకెళ్ళి గడ్డిలో కాసేపు కూర్చుని ఆలోచించుకుని తీరిగ్గా బయటికిపోతుంది. మసి పట్టిన ఆ గడ్డిని లూయిస్‌లో ఏటా దించి బంగాళదుంపల చేలో ఎరువుగా వేసేవాళ్ళు. పైన కొట్టం పేడా, ఒడ్డున పోగేసి ఆడవాళ్ళు బుట్టలతో వీపున మోసిన సముద్రపు నాచూ. అలా ఒక్కో మడీ చేత్తో ఎత్తు చేసి వేసిన సాగుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు 'లేజీ బెడ్', సోమరి మడి. పేరు పెట్టినాయన ఆ బుట్ట ఒక్కసారి ఎత్తి చూసుండడు.

అలాగని నిన్ను నెత్తిన పెట్టుకోను. ఆ పొగలో పుట్టి పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు ఎలా ఉండుంటాయో నాకు తెలుసు, పిడకల పొయ్యి ముందు అరవై ఏళ్ళు కూర్చున్న మా నాయనమ్మ కళ్ళు చూసినవాణ్ణి. గాలీ వెలుతురూ లేవని ఆరోగ్యశాఖవాళ్ళు నిన్ను తిట్టారంటే ఉత్తినే తిట్టలేదు. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అంత తిట్టినవాళ్ళు ఈ మనుషులు చిమ్నీ ఎందుకు కట్టుకోలేదు అని మాత్రం సరిగ్గా అడగలేదు.

ఎందుకు కట్టుకుంటారు? కౌలు ఏడాదికేడాది. కిటికీ పెడితే అద్దె పెంచుతారు, చిమ్నీ కడితే పొమ్మన్నప్పుడు అది దొరకే మిగులుతుంది, పైసా ఇవ్వడు. బాగుచేసుకుంటే నష్టపోయే ఇంట్లో ఎవడు బాగుచేసుకుంటాడు? బెంగుళూరులో నేనద్దెకున్న గదిలో గోడకి మేకు కొట్టనిచ్చేవాళ్ళు కాదు, నాకు బాగా తెలుసు ఆ ఫీలింగ్.

మావైపు ఎవర్నైనా మెల్లగా సాగనంపాలంటే పొగబెడుతున్నారు అంటాం. మీవాళ్ళకి ఆ మంత్రం పనిచెయ్యదు కదా, పుట్టిందే పొగలో. అందుకని దొరలు ఏకంగా నిప్పే పెట్టించారు. అవతల మెయిన్‌ల్యాండ్‌లో సదర్లాండ్ ఎస్టేట్, స్ట్రాత్‌నేవర్ లోయ, 1814. అక్కడివి నీకు దూరపు చుట్టాలు, మట్టిగడ్డలతో కట్టినవి. జనాన్ని బయటికి తోలి వాసాలు తగలబెట్టారు. గోడలు కాదు, వాసాలు. మళ్ళీ వెనక్కొచ్చి కప్పు వేసుకోకుండా. ఎక్కడ కొడితే ఇల్లు చస్తుందో వాళ్ళకి బాగా తెలుసు. దగ్గరుండి ఖాళీ చేయించిన ప్యాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. ఖాళీ అయిన భూమిలో గొర్రెలు పెంచుకోడానికి లీజు రాయించుకున్నది ఎవరయ్యా అంటే ఆయనే. నేను చెప్పేదేం లేదు.

అలా తోలిన జనాన్ని సముద్రం ఒడ్డుకి తెచ్చి పడేసి కొలిచి ఇచ్చిన ముక్కలే చాలాచోట్ల ఈ క్రాఫ్టులు. కావాలనే చిన్నవి ఇచ్చారు. ముక్క మీద కడుపు నిండితే దొరగారికి నాచు కాల్చి బూడిద ఎవరు చేస్తారు? సబ్బుకీ గాజుకీ ఆ బూడిద కావాలి, నెపోలియన్ యుద్ధాల టైములో రేటు బంగారం. యుద్ధం అయిపోయింది, రేటు పడిపోయింది, జనం మిగిలిపోయారు, 1846లో దుంపలకి తెగులొచ్చింది, దొరలకి ఈసారి జనమే ఎక్కువైపోయారు, ఓడలెక్కించి కెనడాకి పంపించారు. మళ్ళీ వాసాలు.

1882లో మాత్రం కథ అడ్డం తిరిగింది. స్కై దీవిలో బ్రేస్ అనే చోట ఖాళీ చేయమని నోటీసులు పట్టుకొచ్చిన ఆఫీసర్ని జనం చుట్టుముట్టి, ఆ కాగితాలు అక్కడే తగలబెట్టించారు. ఈసారి అగ్గిపెట్టె వీళ్ళ చేతిలో. తర్వాత గ్లాస్గో నుంచి ఓ యాభైమంది పోలీసులొచ్చారు, ఆడవాళ్ళు రాళ్ళతో స్వాగతం పలికారు. మరుసటేడు కౌలుదారుల గోడు వినడానికి ప్రభుత్వం వేసిన నేపియర్ కమిషన్, 1886లో చట్టం, ఇక ఊరికే వెళ్ళగొట్టడానికి లేదు, కౌలు పిల్లలకి రాసుకోవచ్చు, ఇల్లు బాగుచేసుకుంటే దానికి లెక్క కట్టి ఇవ్వాలి. అప్పుడు చూడు, మెల్లమెల్లగా చిమ్నీలు ఎలా లేచాయో! బద్ధకం అన్నారు కదా ఇన్నాళ్ళూ.

పక్కన సున్నపు గోడలతో, అటూ ఇటూ చిమ్నీలతో, ఆవుల్లేకుండా తెల్లిల్లు లేచింది కాబట్టే నువ్వు నల్లిల్లువయ్యావు అంటారు. కోడలొచ్చాకే అత్త నలుపు కనపడింది. ఆ తెల్లావిడకి గోడలు సన్నం, వేడంతా చిమ్నీలోంచి దేవుడికి నైవేద్యం, కానీ కళ్ళు మండవు, సరే.

ఆర్నోల్‌లో 42లో 1960ల దాకా మనుషులున్నారు. గారనిన్ అనే ఊళ్ళో ఆఖరివాళ్ళు 1974లో ఖాళీ చేశారు, ఇప్పుడవే ఇళ్ళు బాగుచేసి హాలిడేకి అద్దెకిస్తున్నారు, వేడినీళ్ళతో సహా. ఒకప్పుడు ఇందులో మనిషనేవాడు ఉండకూడదు అన్న ఇల్లు ఇప్పుడు వీకెండ్‌కి దొరకట్లేదు. నీ భాగ్యం.

భూమికి ఇప్పుడు ఇంకో రూలుంది. క్రాఫ్ట్ ఉన్నవాడు దానికి 32 కిలోమీటర్ల లోపల కాపురముండాలి, సాగు చెయ్యాలి, బీడు పెట్టకూడదు. ఇది చదివి వా అని లేచి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయా. తెనాలి దగ్గర నా పేరు మీద ఎకరన్నర ఉంది. గ్లాస్గోలో కూర్చుని కౌలు ఫోన్‌పేలో వేయించుకుంటున్నా. ఈ రూలు మావైపుకి పాకిందంటే మా ఊళ్ళో సగం పొలాలు హాం ఫట్, కాబట్టి ఈ పేరా ఎవరికీ చదివి వినిపించకు.

ఫోన్ పెట్టేసేముందు అమ్మ మూడోది అడిగింది, రాత్రికి నిప్పు ఆర్పేస్తారా అని. ఆర్పరు. పడుకోబోయే ముందు ఇల్లాలు నిప్పులు మూడు వాటాలుగా సర్ది, దేవుడి పేరు చెప్పుకుని, పైన బూడిద కప్పేది, పొద్దున్నే బూడిద తీసి పీట్ పెట్టి ఊదితే మళ్ళీ మంట. నివురు గప్పిన నిప్పు అని నేను పేపర్లో రాజకీయాల్లో తప్ప చూళ్ళేదు. అమ్మ మాత్రం "మా అత్తగారూ అంతే, ఊక పొయ్యిలో కప్పెట్టేది, తెల్లారేసరికి పక్కింటివాళ్ళు చిప్ప పట్టుకుని నిప్పుకి నిలబడేవాళ్ళు" అని కాసేపు ఆగింది. సిగ్నల్ పోయిందేమో అనుకున్నా. పోలేదు.

జాకెట్ సంగతి నిన్న చెప్పా, ఇంక పారేస్తానమ్మా అని. "పారేస్తావా, పొగపట్టిన బట్టకి పురుగు రాదు, పండక్కి వచ్చేటప్పుడు పట్రా, బియ్యం బస్తా మీద కప్పుతా" అంది.

ఇట్లు,
కళ్ళు ఇంకా కాస్త ఎర్రగా ఉన్న నీ విజిటర్