తాళం తుప్పు పట్టలేదు: ‘ఇన్సులిన్ దండగ’ అనే ప్రచారానికి సమాధానం

రెండో రకం మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ ఇంజెక్షన్ దండగ అని చెప్పే సందేశం ఒకటి చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. దాని వాదన క్లుప్తంగా ఇది: కణం ఒక గది, ఇన్సులిన్ దాని తాళంచెవి. ఈ రోగుల ఒంట్లో ఇన్సులిన్ కావలసినంత ఉంది, తుప్పు పట్టింది తాళమే. తాళం పాడైనప్పుడు తాళంచెవులు పోగుచేసి లాభం లేదు. పైగా బయటి ఇన్సులిన్ వాడేకొద్దీ తాళం మరింత చెడుతుంది, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు. కాబట్టి ఇంజెక్షన్ ఆపి, తుప్పు వదిలించే కషాయం తాగాలి. ఇందులో కొన్ని మాటలు నిజానికి దగ్గరగా ఉండడం వల్లనే మిగిలినవీ నమ్మదగినవిగా కనిపిస్తున్నాయి. నమ్మి ఇంజెక్షన్ మానేసినవారికి జరిగే హాని చిన్నది కాదు కనుక ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి ఉంది.

మొదటి మాట, ఇన్సులిన్ తలుపు తెరుస్తుందన్నది. కణపొర మీద ఉన్నది తాళం కాదు, గ్రాహకం, అంటే రిసెప్టర్ అనే ప్రోటీన్. దాని రెండు ఆల్ఫా భాగాలు కణం వెలుపల ఉంటాయి. రెండు బీటా భాగాలు పొరను దాటి లోపలికి చొచ్చుకొని ఉంటాయి. ఇన్సులిన్ వెలుపలి భాగానికి అంటుకోగానే గ్రాహకం ఆకృతి మారుతుంది, లోపలి బీటా భాగాలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన భాగాన్ని తగిలించుకుంటాయి. అంటే ఈ గ్రాహకం తానే ఒక ఎంజైమ్; టైరోసిన్ కైనేజ్ అనే తరగతికి చెందినది. కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను తగిలించే ఎంజైమ్; టైరోసిన్ అంటే అది తగిలే చోట ఉండే అమైనో ఆమ్లం. ఇన్సులిన్ తగలగానే గ్రాహకం మీద ఫాస్ఫేట్ చేరుతుందని కసుగ, కార్ల్‌సన్, కాన్ అనే శాస్త్రవేత్తలు 1982లో చూపించారు. ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణానికి శక్తినిచ్చే ఎటిపి అనే అణువు నుంచి. కండరంలో ఎటిపి ఉన్నదని సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవడం సముచితం.

ఫాస్ఫేట్ చేరిన గ్రాహకానికి ఐఆర్ఎస్ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది, దాని మీదా ఫాస్ఫేట్ పడుతుంది. అది పిఐ3 కైనేజ్ అనే ఎంజైమ్‌ను పొర దగ్గరకు రప్పిస్తుంది. ఆ ఎంజైమ్ పొరలోని ఒక రకం కొవ్వు అణువును మార్చితే, మారిన ఆ అణువు ఆధారంగా ఎకెటి అనే మరో కైనేజ్ చైతన్యం పొందుతుంది. సంకేతం పాయలుగా చీలేది ఇక్కడే. కండరంలోను, కొవ్వు కణాల్లోను ఎకెటి చర్య వల్ల గ్లూట్-4 అనే గ్లూకోజ్ వాహకాలు కణం లోపలి తిత్తుల నుంచి పైపొరకు చేరుకుంటాయి. ఇన్సులిన్ ప్రభావంతో వాహకాలు ఇలా లోపలి నుంచి పైకి వస్తాయని 1980లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. కాలేయంలో అదే ఎకెటి ఫాక్సో-1 అనే ప్రోటీన్‌ను కేంద్రకం నుంచి బయటకు పంపి, కొత్త గ్లూకోజ్ తయారుచేసే జన్యువుల జోరు తగ్గిస్తుంది. మరో పాయ గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా నిల్వ చేయిస్తుంది. ఇంకొకటి కొవ్వు తయారీని పెంచుతుంది.

ఈ వివరమంతా ఎందుకంటే, తలుపు బొమ్మతో అసలు వివరించలేని విషయం ఒకటుంది. మెదడు, ఎర్ర రక్తకణాలు, కాలేయం గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవడానికి ఇన్సులిన్ అనుమతి కోసం ఆగవు. ఈ వ్యాధిలో పరగడుపున చక్కెర ఎక్కువగా కనిపించడానికి ప్రధాన కారణం గ్లూకోజ్ కణాల్లోకి పోలేకపోవడం కాదు, కాలేయం రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదలడం. దాన్ని అదుపు చేయవలసిన ఆజ్ఞ ఇన్సులిన్‌ది. ఆజ్ఞ చాలనప్పుడు దాని బలం పెంచడం దండగ ఎలా అవుతుంది?

రెండో మాట, తుప్పు. గ్రాహకమే జన్యులోపంతో చెడిన జబ్బులు లేకపోలేదు. డోనహ్యూ సిండ్రోమ్ అలాంటిది. అవి చాలా అరుదు, అందులోనూ తీవ్రమైనవి పసికందుల్లోనే బయటపడతాయి. మన ఇళ్లలో కనిపించే మధుమేహంలో గ్రాహకం చాలావరకు బాగానే ఉంటుంది. ఆటంకం ఎక్కువగా దాని తర్వాతి మెట్లలో ఉంటుంది. కండరంలోను కాలేయంలోను కొవ్వు పేరుకున్నప్పుడు, దాని నుంచి ఏర్పడే కొన్ని పదార్థాలు వేరే కైనేజ్‌లను రేపుతాయి. అవి ఐఆర్ఎస్ మీద టైరోసిన్ దగ్గర కాక సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం దగ్గర ఫాస్ఫేట్‌ను తగిలిస్తాయి. టైరోసిన్ మీద పడిన ఫాస్ఫేట్ సంకేతాన్ని నడిపిస్తే, కొన్ని సెరీన్‌ల మీద పడినది దాన్ని మందగింపజేస్తుంది.

ఇక్కడే సైటోకైన్ల పాత్ర, అంటే కణాలు ఒకదానికొకటి సంకేతాలుగా పంపుకునే ప్రోటీన్ల పాత్ర, వస్తుంది. ఊబకాయం ఉన్న జంతువుల కొవ్వు కణజాలం టిఎన్ఎఫ్-ఆల్ఫా అనే సైటోకైన్‌ను ఎక్కువగా తయారుచేస్తుందని 1993లో తేలింది. అది తన గ్రాహకాన్ని తాకి, జెఎన్‌కె అనే కైనేజ్‌ను లేపి, ఇదే ఐఆర్ఎస్‌ను అడ్డుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో సైటోకైన్ దారి వేరు. దాని గ్రాహకానికి సొంత కైనేజ్ లేదు. జాక్ అనే కైనేజ్‌ను పక్కన పెట్టుకుని, స్టాట్ ప్రోటీన్‌లను కేంద్రకానికి పంపిస్తుంది. వాటి వల్ల తయారయ్యే సాక్స్-3 అనే ప్రోటీన్ ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడుతుంది. అయితే రోగుల్లో టిఎన్ఎఫ్‌ను మాత్రమే అడ్డుకుని చూసిన తొలి ప్రయత్నంలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. కారణాలు అనేకం, అవి కలిసి పనిచేస్తాయి. ఒకే కషాయంతో వదిలిపోయే ఒకే తుప్పు అక్కడ లేదు.

ఇంతకన్నా ముఖ్యమైన అంశం, ఈ నిరోధం, అంటే ఇన్సులిన్ సంకేతానికి ఏర్పడే ఈ ఆటంకం, అన్ని పాయలనూ సమానంగా తాకదు. కాలేయంలో గ్లూకోజ్ తయారీని ఆపవలసిన పాయ మొద్దుబారినా, కొవ్వు తయారుచేయించే పాయ పనిచేస్తూనే ఉంటుందని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 2008లో వివరించారు. షుగర్‌తోపాటు ట్రైగ్లిజరైడ్లు, కాలేయంలో కొవ్వు కలిసి కనిపించడానికి ఇదొక కారణం. తాళమైతే పనిచేస్తుంది, లేదా పనిచేయదు. గ్రాహకం తర్వాతి సంకేతం అలా కాక ఒకచోట సగం, మరోచోట పూర్తిగా నడుస్తుంది. నిరోధం అంటే ఇన్సులిన్‌కు అసలు స్పందన లేకపోవడం కాదు, అదే స్పందనకు ఎక్కువ ఇన్సులిన్ కావలసి రావడం. అందుకే మోతాదు తగినంతగా పెంచితే రెండో రకం రోగుల్లోనూ చక్కెర తగ్గుతుంది. సందేశం చెప్పినదే నిజమైతే ఏ మోతాదుకూ తగ్గకూడదు.

మూడో మాట, ఒంట్లో ఇన్సులిన్ కావలసినంత ఉందన్నది. తొలి దశలో చాలామందికి ఇది నిజమే. అయితే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఆ అదనపు పనిని ఎల్లకాలం మోయలేవు. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యుకెపిడిఎస్ అధ్యయనం, వ్యాధి బయటపడే నాటికే బీటా కణాల పనితీరు దాదాపు సగానికి పడిపోయి ఉంటుందని అంచనా వేసింది. ఆ తర్వాత కూడా అది తగ్గుతూనే పోయింది.

నాలుగో మాట, ఇంజెక్షన్ తాళాన్ని ఇంకా పాడుచేస్తుంది, జీవితాంతం వదలదు అన్నది. ఇన్సులిన్ ఎక్కువకాలం అధికంగా ఉంటే కణాలు తమ గ్రాహకాల్లో కొన్నింటిని లోపలికి లాక్కుంటాయన్నది నిజం. కానీ అది కణం చేసుకునే సర్దుబాటు, ఇన్సులిన్ తగ్గితే గ్రాహకాలు మళ్లీ పెరుగుతాయి. అదుపులేని చక్కెర మాత్రం బీటా కణాలనూ దెబ్బతీస్తుంది, నిరోధాన్నీ పెంచుతుంది. చైనాలో కొత్తగా వ్యాధి బయటపడిన 382 మందిపై జరిగి 2008లో ప్రచురితమైన పరీక్షలో, కొద్ది వారాలపాటు గట్టిగా చికిత్స చేసి, ఆపై మందులన్నీ ఆపేశారు. ఏడాది తర్వాత కూడా మందుల్లేకుండా అదుపులో ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకున్నవారిలో దాదాపు సగం మంది; మాత్రలు వాడినవారిలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. గర్భిణులకు వచ్చే షుగర్‌కు ఇన్సులిన్ ఇచ్చి, కాన్పు తర్వాత సాధారణంగా ఆపేస్తారు. 2021లో కోవిడ్ రెండో ఉధృతి వేళ స్టెరాయిడ్లతో చక్కెర పెరిగినవారి విషయమూ ఇలాంటిదే. స్టెరాయిడ్ కణంలోకే ప్రవేశించి, లోపలి గ్రాహకంతో కలిసి, కాలేయంలో గ్లూకోజ్ తయారీ జన్యువులను పెంచుతుంది. స్టెరాయిడ్ ఆపాక ఆ ప్రభావం తగ్గుతుంది, ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది.

ఇన్సులిన్‌కు నిజమైన ఇబ్బందులు లేకపోలేదు. చక్కెర మరీ పడిపోవచ్చు, బరువు పెరగవచ్చు. వైద్యులు వీటిని రోగికి ముందే చెప్పాలి. చెప్పని చోటనే ఇలాంటి సందేశాలకు బలం చేకూరుతుంది. గుండెజబ్బులు, క్యాన్సర్ పెరుగుతాయన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు. 12,537 మందిని ఆరేళ్లకు పైగా గమనించిన ఆరిజిన్ పరీక్ష 2012లో ఆ విషయమే తేల్చింది.

కషాయం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఐఆర్ఎస్ మీది సెరీన్ ఫాస్ఫేట్‌ను తుడిచి, ఇన్సులిన్ అవసరం లేకుండా చేస్తుందని రుజువైన కషాయం ఏదీ లేదు. నిరోధాన్ని తగ్గించే మార్గాలు వేరే ఉన్నాయి. కండరం పనిచేసినప్పుడు ఎఎంపికె అనే కైనేజ్ వంటి వేరే దారుల ద్వారా, ఇన్సులిన్ లేకుండానే, గ్లూట్-4 పైపొరకు వస్తుంది. బ్రిటన్‌లో జరిగి 2017లో వెలువడిన ‘డైరెక్ట్’ అనే పరీక్షలో బరువు బాగా తగ్గించే పద్ధతి పాటించినవారిలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందులు లేకుండా వ్యాధి ఉపశమించింది. అయితే అందులో చేరినవారు వ్యాధి బయటపడి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ మీద లేనివారు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవారు ఈ ఫలితాన్ని చూసి తమంతట తాము ఇంజెక్షన్ ఆపకూడదు. మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఆపితే రోజుల్లోనే రక్తం ఆమ్లభరితమై ప్రాణం మీదికి వస్తుంది. రెండో రకం అనుకున్నవారిలోనూ కొందరిది నిజానికి మొదటి రకమే అయి ఉంటుంది.

తన ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో తెలుసుకోవాలంటే సి-పెప్టైడ్ రక్తపరీక్ష ఉంది. క్లోమం ఇన్సులిన్‌ను విడుదల చేసిన ప్రతిసారీ సి-పెప్టైడ్ కూడా సమానంగా విడుదలవుతుంది. ఇంజెక్షన్‌లోని ఇన్సులిన్‌లో అది ఉండదు, కాబట్టి ఇన్సులిన్ వాడుతున్నవారికీ ఈ పరీక్ష చేయవచ్చు. అది బాగా తక్కువగా ఉంటే ఇన్సులిన్ తప్పనిసరి. తగినంత ఉంటే మోతాదు తగ్గించడం గురించో, వేరే మందుకు మారడం గురించో డాక్టరుతో మాట్లాడడానికి ఆధారం దొరికినట్లే.