బేబీ షామిలి ఎదుగుదలపై ఒక అభిమాని అభ్యంతరం

బేబీ షామిలి నటజీవితాన్ని మూడు దశలుగా విభజించవచ్చు: పెరగకముందు, పెరుగుతున్నప్పుడు, పెరిగాక. మొదటి దశ మీద అభిమానులుగా మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. రెండో దశను మేం గమనించలేదు. మూడో దశకు ఆవిడ మా అనుమతి తీసుకోలేదు. ఈ వ్యాసం ఆ మూడో దశ గురించే అయినా, న్యాయంగా ముందు మొదటి దశను పొగడాలి.

1987లో పుట్టిన పిల్ల 1990లో మణిరత్నం 'అంజలి'కి జాతీయ అవార్డు తెచ్చుకుంది. సినిమాలో అన్నగా, అక్కగా వేసిన తరుణ్, శ్రుతిలతో కలిసి ఆ అవార్డు పంచుకుంది. ఆ రోజుల్లోనే మలయాళం 'మాలూట్టి'లో బోరుబావిలో పడిన పాపగా చేసి కేరళ ప్రభుత్వ అవార్డు, కన్నడ 'మత్తె హాడితు కోగిలె'కి కర్ణాటక ప్రభుత్వ అవార్డు పట్టుకెళ్లింది. ఆ వయసులో మన ఇళ్లలో పిల్లలు చుట్టాలొస్తే ఒక పద్యం సగం చెప్పి అమ్మ కొంగు చాటుకి పోయేవాళ్లు. అక్షరాభ్యాసం ఈడు పిల్ల మూడు భాషల సినిమాల భారం మోయడమేమిటని అప్పట్లో ఎవరైనా అడిగారేమో మాకు వినిపించలేదు. మేం టికెట్ల క్యూలో ఉన్నాం.

'అంజలి'లో మానసిక ఎదుగుదల లేని పాపగా వేసిన ఆమెకు డైలాగులు దాదాపు లేవు. ఉంగరాల జుట్టు, పెద్ద కళ్లు, కింద నుంచి పైకి చూసే చూపు, అంతే. కన్నతల్లి రేవతి చేతులు చాచి పిలుస్తుంది, పిల్ల రాదు. ఇన్నాళ్లూ తల్లికి తెలియకుండా తనను చాటుగా చూసి వెళ్లిన తండ్రి రఘువరన్ దగ్గరికైతే పోతుంది. రేవతి ముఖంలో ఆశ, బెరుకు, అవమానం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పిల్ల ముఖంలో ఏదీ రాదు. ఆ ఏదీ రాకపోవడమే మన గుండె పిండుతుంది. దీన్నే సహజ నటన అంటారు. రెండున్నరేళ్ల పిల్ల అసహజంగా ఎలా నటిస్తుందో తెలిసినవాళ్లు చెప్పాలి.

అదే 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వచ్చింది. ఆ రోజే కోస్తాను తుపాను ముంచేసింది. నీళ్లలో నడుచుకుంటూ హాళ్లకు వెళ్లి సినిమా చూసిన జాతి మనది. తెర మీద చిరంజీవి, ఆయన పెంచే అనాథ పిల్లల్లో అక్క షాలినితో పాటు షామిలి, ఇంద్రజగా శ్రీదేవి. ఆ ఇంద్రజ కూడా ఒకప్పుడు బేబీ శ్రీదేవే అన్న సంగతి ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. ఎందుకంటే అభిమానులకు ఎదుగుదల అంటేనే గిట్టదని కొందరు దుష్ప్రచారం చేస్తున్నారు. అది అబద్ధం. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా చేసిన శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయనకే జోడీగా వస్తే మేం ఈలలు వేశాం. ఏడేళ్లలో మనవరాలు పెరిగింది, తాతయ్య తగ్గాడు, లెక్క సరిపోయింది. 1984లో రజనీకాంత్ సినిమాలో చిన్నపిల్లగా ఉన్న మీనా 1993లో 'యజమాన్'లో ఆయనకు భార్య అయితే ఒక్కరూ నొసలు ముడవలేదు. కాబట్టి ఆడపిల్ల పెరగొచ్చు. మధ్యలో గ్యాప్ ఇవ్వకుండా, హీరోగారి వయసును గుర్తు చేయకుండా పెరగాలి.

షామిలి ఆ మర్యాద పాటించలేదు. 2000లో 'ప్రియురాలు పిలిచింది'లో టబు, ఐశ్వర్యారాయ్‌ల చెల్లెలిగా కనిపించింది. పక్కన అలాంటి అక్కలుంటే మాకు చెల్లెలి వైపు చూసే తీరిక ఎక్కడిది? తర్వాత 2009లో 'ఓయ్'లో నేరుగా హీరోయిన్‌గా వచ్చేసింది. వైజాగ్‌లో సముద్రం ఒడ్డు ఇల్లు, మొక్కలు పెంచుకునే సంధ్య, ఆమె వెంట పడే సిద్ధార్థ్. కథలో తప్పు లేదు, యువన్ పాటల్లో అసలే లేదు. కానీ హాల్లో కూర్చున్న మా టెన్షన్ వేరు: అంజలి పాపకి ప్రేమేమిటి? ఇరవై రెండేళ్ల అమ్మాయి ప్రేమించకూడదని మేం అనడం లేదు. ఆ పని మాకు తెలియని అమ్మాయి ఎవరైనా చేయొచ్చు కదా అంటున్నాం.

ఇక్కడ కొందరు అతి తెలివితో తరుణ్ సంగతి ఎత్తుతారు. అదే 'అంజలి'లో అన్నయ్య, అదే అవార్డు. 2000లో 'నువ్వే కావాలి'తో హీరో అయ్యాడు. మీసం మొలిచిందో లేదో లవర్ బాయ్ అని బిరుదు ఇచ్చాం. పేరు ముందు 'మాస్టర్' ఎప్పుడు రాలిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. షామిలి పేరు ముందు 'బేబీ' మాత్రం సిమెంటు వేసినట్టు ఉంది. ఇది వివక్ష అంటే మేం ఒప్పుకోం. మగపిల్లలు పెరుగుతారు, ఆడపిల్లలు మారిపోతారు. ప్రకృతి ధర్మం.

అన్నట్టు, 2009లో పెదవి విరిచిన 'ఓయ్' 2024లో ప్రేమికుల రోజు సందర్భంగా మళ్లీ విడుదలైతే హాళ్లు ఊగిపోయాయి. కుర్రాళ్లు తెర ముందు డ్యాన్సులు, ప్రతి పాటకీ కోరస్. వాళ్లలో చాలామంది 'అంజలి' చూసి ఉండరు. అందుకే సంధ్య వాళ్లకి సంధ్యలాగే కనిపించింది. ఇది మా తరం మీద జరిగిన కుట్ర.

ప్రభుత్వం వైపు నుంచి కూడా నిర్లక్ష్యం ఉంది. 2017 నాటి కేంద్ర బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. ఏకధాటిగా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద బ్యాంకులో వేయాలి. ఇష్టం లేకపోతే నటింపజేయకూడదు. అంతా బాగానే రాశారు. ఒక పాపను అభిమానులు ఎన్నేళ్ల వరకు పాపగానే ఉంచుకోవచ్చో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. స్పష్టత లేక మేమే ముప్పై అయిదేళ్లు అనుకుని సాగిస్తున్నాం. 'అప్పటి బేబీ ఇప్పుడెలా ఉందో చూస్తే షాకవుతారు' అని యూట్యూబ్‌లో ఎవరైనా పెడితే శ్రద్ధగా నొక్కి, శ్రద్ధగా షాకవుతున్నాం. మూడుకి ముప్పై కలిపితే ముప్పై మూడు వస్తుందని తెలిసి కూడా.

2018లో ఆవిడ హీరోయిన్‌గా 'అమ్మమ్మగారిల్లు' వచ్చింది. మేం ఆ టైమ్‌లో పాత 'అంజలి' చూస్తున్నాం. ఇప్పుడావిడ బొమ్మలు గీస్తున్నారట, ప్రదర్శనలు కూడా పెడుతున్నారట. మా ఊళ్లో పెడితే తప్పకుండా వెళ్తాం. ఒక్కో బొమ్మ ముందూ మర్యాదగా నిలబడతాం, రంగులు బాగున్నాయంటాం, ఆవిడ కనిపిస్తే దండం పెడతాం. తర్వాత ఫోన్ తీసి, తల కాస్త పక్కకి వంచి కింద నుంచి పైకి చూడమని అడుగుతాం.